పైరసీ బిల్లుకు అడ్డుపడ్డ సెనేటర్ దొంగ ప్రింట్ల వైపు ఉన్నట్టా?

తిరుపతిలో లా చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “మా కాలేజీ చర్చలో అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ వైఖరి గురించి మాట్లాడమన్నారు. పైరసీని అరికట్టే బిల్లును ఆయన ఆపేశాడని చదివాను. అంటే పైరసీని సమర్థించినట్టేనా? మన దగ్గర అలాంటి చట్టం ఉందా? మన ఎంపీ ఎదురుపడితే ఈ విషయంలో ఏమడగాలి?”

అమ్మా, నేను తిరుపతి కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. భూమి తగాదాలు, చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ క్లెయిముల మధ్య కాపీరైట్ కేసులు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. తక్కువే అయినా రెండు వైపులా నిలబడ్డాను. సినిమా దొంగతనంతో నష్టపోయిన వాళ్ల తరఫున కొన్ని చూశాను, సొంత వీడియో పోగొట్టుకున్న వాళ్ల తరఫున కొన్ని చూశాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటి ప్రశ్నకు జవాబు: లేదు, ఆయన పైరసీని సమర్థించలేదు. అది తప్పేనని, అరికట్టాలని చెబుతూనే వచ్చాడు. ఆయన అభ్యంతరమంతా ఒకచోటే ఉంది. ఫలానా కొట్లో దొంగ సరుకు ఉందని ఎవరో చెప్పగానే ఆ వీధికంతా తాళం వేయించే అధికారం ఎవరి చేతికి ఇస్తున్నాం? తాళం పడే ముందు ఆ వీధిలో వాళ్ల మాట ఎవరైనా వింటారా? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకుంటే మీ చర్చ సగం అయిపోయినట్టే.

వైడెన్ ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన డెమోక్రాట్. ప్రతినిధుల సభలో ఉండగా రిపబ్లికన్ సభ్యుడు క్రిస్ కాక్స్‌తో కలిసి ఆయన తెచ్చిన నిబంధన 1996లో చట్టమైంది. సెక్షన్ 230 అంటారు. జనం రాసిన మాటలకు వెబ్‌సైట్ యజమానిని బాధ్యుణ్ని చేయకూడదన్నది దాని సారం. అయితే ఆ రక్షణ కాపీరైట్‌కు వర్తించదు. కాపీరైట్ కోసం 1998లో డీఎంసీఏ అనే వేరే చట్టం వచ్చింది: హక్కుదారు నోటీసు ఇస్తే సైటు ఆ వీడియోనో పాటనో తీసేయాలి, తీసేస్తే సైటు మీద బాధ్యత ఉండదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. చర్చల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తడబడతారు.

డీఎంసీఏ నోటీసు అమెరికాలో ఉన్న సైట్లకు పనికొస్తుంది. బయటి దేశాల్లో సర్వర్లు పెట్టుకుని నడిపే పైరసీ సైట్లను ఏం చేయాలి? సినిమా, మ్యూజిక్ కంపెనీల బాధ అది, న్యాయమైన బాధే. దాని కోసం 2010లో కోయికా అనే బిల్లు వచ్చింది. సెనేట్ జ్యుడీషియరీ కమిటీ 19-0 ఓట్లతో ఆమోదించింది. కమిటీలో ఒక్కరూ కాదనని బిల్లును ఆ కమిటీలో సభ్యుడే కాని వైడెన్ ఆపాడు. 2011 మేలో సెనేటర్ పాట్రిక్ లేహీ దాన్నే మార్చి పిపా పేరుతో తెచ్చారు. కమిటీ మళ్లీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది, వైడెన్ మళ్లీ ‘హోల్డ్’ పెట్టాడు. అక్టోబరు 26న ప్రతినిధుల సభలో లామార్ స్మిత్ ప్రవేశపెట్టిన సోపా వీటన్నిటికంటే కఠినం.

హోల్డ్ అంటే మన పార్లమెంటులో లేని పద్ధతి. సెనేట్‌లో చాలా పనులు అందరి సమ్మతి మీదే నడుస్తాయి. ఒక్క సభ్యుడు “నాకు అభ్యంతరం ఉంది” అంటే చాలు, ఆ బిల్లు తేలిగ్గా ముందుకు కదలదు. దాన్ని దాటాలంటే 100 మందిలో 60 మంది ఓటేయాలి. ఒక్క మనిషి పట్టుదల అంత పెద్ద బిల్లును నెలల తరబడి నిలబెట్టింది ఇలాగే.

ఇంతకీ సోపాలో ఆయన వద్దన్నదేమిటి? రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, పేరు చెరిపేయడం. మీరు ఫోన్లో సైటు పేరు కొట్టగానే ఆ పేరుకు ఏ నంబరు ఉందో చెప్పే వ్యవస్థను డీఎన్‌ఎస్ అంటారు. తిరుపతి బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు లాంటిదనుకోండి. ఫలానా సత్రం ఎక్కడుందని అడిగితే “అలాంటిది లేదు” అని చెప్పమని కౌంటర్లో మనిషికి ఆర్డర్ ఇచ్చారు. సత్రం అక్కడే ఉంది, దారి తెలిసినవాడు నేరుగా వెళ్తాడు. మోసపోయేది కొత్తగా వచ్చిన యాత్రికుడు. పైగా ఒకసారి అబద్ధం చెప్పడం అలవాటైన కౌంటరును రేపు దేనికీ నమ్మలేం. పేర్ల వ్యవస్థకు భద్రత కల్పించే డీఎన్‌ఎస్‌సెక్ పద్ధతిని ఇది దెబ్బతీస్తుందని ఇంజనీర్లు భయపడింది అందుకే.

రెండోది ఇంకా ప్రమాదకరం. సోపా తొలి రూపంలో, హక్కుదారు ఒక నోటీసు పంపితే చాలు, పేమెంట్ కంపెనీలూ ప్రకటనల కంపెనీలూ అయిదు రోజుల్లో ఆ సైటుతో సంబంధం తెంచుకోవాలి. జడ్జి ముందుకు వెళ్లకుండానే అవతలివాడి ఆదాయం ఆగిపోతుంది. వాడు దొంగ కావచ్చు, కాకపోవచ్చు. కాదని తేలేసరికి కొట్టు మూతపడి ఉంటుంది.

వైడెన్ వద్దని ఊరుకోలేదు. కాలిఫోర్నియా రిపబ్లికన్ డారెల్ ఐసాతో కలిసి ఓపెన్ యాక్ట్ అనే ప్రత్యామ్నాయం ముందుకు తెచ్చాడు. పేర్లు చెరిపేసే పని వద్దు, విదేశీ పైరసీ సైట్ల మీద ఫిర్యాదులను అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ రెండు పక్షాలనూ విని తేల్చాలి, తేలాక డబ్బు దారులు మూయాలి, ఇదీ ఆ బిల్లు. పైరసీ సైటు బతికేది ప్రకటనల డబ్బు మీదే కాబట్టి అక్కడ కొట్టమన్నాడు. పార్టీలు వేరైన ఇద్దరు కలిసి చేసిన పని ఇది, మీ చర్చలో ఈ ముక్క తప్పక చెప్పండి. ఆయన్ను వ్యతిరేకించిన లేహీ కూడా సొంత పార్టీ మనిషే.

తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది. 2012 జనవరి 18న ఇంగ్లీష్ వికీపీడియా 24 గంటలు నల్లబడింది. గూగుల్ తన పేరు మీద నల్ల పట్టీ వేసింది, దాని పిటిషన్ మీద 70 లక్షల సంతకాలు వచ్చాయి. రెండు రోజులకే సెనేట్‌లో పిపా మీద ఓటింగు వాయిదా పడింది, సోపానూ పక్కన పెట్టారు. రెండూ మళ్లీ లేవలేదు.

ఇక్కడ మన విషయానికి వస్తాను. అసలు నాకు చెప్పాలని ఉన్నది ఇదే. అమెరికాలో ఏ ముప్పు వస్తుందని వైడెన్ హెచ్చరించాడో, అది అదే ఏడాది మన దేశంలో, అదీ మన తెలుగు సినిమా పేరు మీద జరిగింది. 2012 వేసవిలో ‘దమ్ము’ విడుదలైంది. ఆ సినిమాకూ, తమిళంలో ‘3’ అనే సినిమాకూ పైరసీ రాకుండా మద్రాసు హైకోర్టు నుంచి జాన్ డో ఆర్డర్ తెచ్చుకున్నారు. ప్రతివాది పేరు తెలియనప్పుడు ‘ఎవరైనా సరే’ అని పెట్టుకునే ఉత్తర్వు అది. మన దేశంలో అశోక్ కుమార్ ఆర్డర్ అనీ అంటారు. అవతలి పక్షం ఎవరో తెలియదు కాబట్టి వాళ్లను వినకుండానే ఇస్తారు.

ఆ కాగితం చేతికందగానే ఇంటర్నెట్ కంపెనీలు ఏం చేశాయో తెలుసా? ఒక్కో దొంగ లింకు వెతికి మూసే ఓపిక లేక సైట్లకు సైట్లే మూసేశాయి. విమియో పోయింది, డైలీమోషన్ పోయింది, ప్రోగ్రామర్లు కోడ్ రాసి పెట్టుకునే పేస్ట్‌బిన్ పోయింది. అప్పట్లో మా ఆఫీసు పక్కన పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడొకడు ఉండేవాడు. విదేశంలో ఉన్న పెళ్లికూతురు అన్నయ్యకు చూపించడానికి ముహూర్తం వీడియో విమియోలో పెట్టాడు. మే నెల మధ్యాహ్నం, కరెంటు ఉండీ లేక చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చి, “సార్, కోర్టు ఆర్డర్ ప్రకారం బ్లాక్ చేశామని వస్తోంది, నా మీద కేసు పడిందా?” అని అడిగాడు. ఆ స్క్రీన్ మీద ఏ కోర్టో లేదు, ఏ కేసు నంబరో లేదు, ఎవరిని అడగాలో లేదు. పీలేరు దగ్గర కల్యాణ మండపంలో జరిగిన పెళ్లికీ ‘దమ్ము’ సినిమాకూ ఏం సంబంధం? నాకు ఆ రోజు ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత జూన్ 22న మద్రాసు హైకోర్టే స్పష్టం చేసింది, తానిచ్చిన ఉత్తర్వు ఫలానా లింకుల వరకేనని, సైట్లన్నిటికీ కాదని.

అక్కడితో ఆగిందా అంటే లేదు. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం అదే హైకోర్టు నుంచి తెచ్చిన ఉత్తర్వుల జాబితాలో 2,600కు పైగా సైట్లున్నాయి. వాటిలో పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా పడింది. దాని వేబ్యాక్ మెషీన్ మన దేశంలో కొన్నాళ్లు తెరుచుకోలేదు.

జడ్జీలందరూ అలాగే ఇచ్చారని అనుకోకండి. 2016లో బాంబే హైకోర్టు జస్టిస్ గౌతమ్ పటేల్, ఒక సినిమా కోసం సైట్లకు సైట్లే మూయమంటే ఒప్పుకోలేదు. ఆ సైటులో ఉన్నదంతా దొంగ సరుకేనని చూపించమన్నారు, మూసిన లింకు దగ్గర జనానికి కారణమూ వివరాలూ కనిపించాలన్నారు. 2019 ఏప్రిల్ 10న ఢిల్లీ హైకోర్టు యూటీవీ కేసులో ఇంకో దారి పట్టింది: ప్రధానంగా పైరసీ మీదే బతికే సైటును పూర్తిగా మూయవచ్చు, పేరు మార్చుకుని మళ్లీ పుడితే కొత్త పేరునూ అదే ఉత్తర్వులో కలుపుకోవచ్చు. దీన్ని డైనమిక్ ఇంజంక్షన్ అంటారు. నాకు రెండింటిలోనూ న్యాయం కనిపిస్తుంది. ఏది పూర్తిగా దొంగ సైటు, ఏది కాదు అని తేల్చింది కోర్టు. కారణాలు రాసి ఇచ్చింది, ఆ కారణాల మీద అప్పీలు వేసుకోవచ్చు.

మన చట్టసభల్లో వైడెన్ లాంటి గొంతు లేదా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. ‘దమ్ము’ గొడవ జరుగుతున్న ఆ 2012 మేలోనే, 17వ తేదీన, కేరళ సీపీఎం సభ్యుడు పి. రాజీవ్ రాజ్యసభలో ఒక తీర్మానం పెట్టారు. 2011లో ప్రభుత్వం తెచ్చిన ఇంటర్మీడియరీ నిబంధనలను, అంటే జనం పెట్టేవాటిని మోసే వెబ్‌సైట్లు, ఇంటర్నెట్ కంపెనీల మీద పెట్టిన నిబంధనలను, రద్దు చేయమని కోరారు. ఫిర్యాదు అందిన 36 గంటల్లో కంపెనీ చర్య మొదలుపెట్టాలన్న ఆ నిబంధన వల్ల, ఏది చట్టవిరుద్ధమో తేల్చే పని కోర్టు నుంచి కంపెనీ గుమాస్తాకు పోతోందన్నది ఆయన వాదన. అప్పటి ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కూడా ఆ నిబంధనలను తప్పుపట్టారు. మంత్రి కపిల్ సిబల్ అందరితో చర్చిస్తామని హామీ ఇచ్చారు, తీర్మానం వీగిపోయింది. మూడేళ్ల తర్వాత, 2015 మార్చి 24న, శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ మాటకే దగ్గరగా వచ్చింది: కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తేనే కంపెనీ తీసేయాలి, ఎవరో మెయిల్ పెట్టారని కాదు. వీగిపోయిన తీర్మానాన్ని వృథా అనకూడదని నేను జూనియర్లకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే ఇస్తాను.

కాపీరైట్‌కు మాత్రం ఆ తీర్పు యథాతథంగా అన్వయించదు. 2016లో మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, ఫలానా లింకు అని స్పష్టంగా నోటీసు ఇస్తే కోర్టు ఉత్తర్వు లేకపోయినా తీసేయాల్సిందేనంది. 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూలు ఉంది: ఫిర్యాదు వచ్చిన 36 గంటల్లో ఆపాలి, ఫిర్యాదు చేసినవాళ్లు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టేయవచ్చు. నా దృష్టిలో ఇది మంచి ఏర్పాటు. తొందర ఉన్నవాడికి తొందరగా ఊరట, ఆ తర్వాత జడ్జి ముందుకు రావలసిన బాధ్యత కూడా అతనిదే.

ఇక 2023 నాటి చట్టానికి వస్తాను. అంతకుముందు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టిన సినిమాటోగ్రాఫ్ సవరణ బిల్లు కేమెరా ప్రింటు తీసినవాడికి మూడేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా అంది. అది శశి థరూర్ అధ్యక్షతన ఉన్న స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, 2020 మార్చిలో నివేదిక వచ్చింది. కొత్త రూపంలో బిల్లు 2023 జులై 27న రాజ్యసభలో, 31న లోక్‌సభలో ఆమోదం పొందింది. మణిపూర్ మీద రోజూ సభ అట్టుడుకుతున్న సమావేశాలవి. కొత్త సెక్షన్ 6ఏఏ థియేటర్లో రికార్డు చేయడాన్ని, 6ఏబీ దొంగ కాపీని లాభం కోసం ప్రదర్శించడాన్ని నిషేధిస్తాయి. శిక్ష కనీసం మూడు నెలలు, గరిష్ఠం మూడేళ్లు. జరిమానా 3 లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. 2019 బిల్లులో లేని మంచి మాట ఒకటి ఇందులో చేరింది: కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ఇచ్చే మినహాయింపులు, అంటే విమర్శ, సమీక్ష, సొంత వాడకం లాంటివి, ఇక్కడా వర్తిస్తాయి.

నన్ను కలవరపెట్టేది సెక్షన్ 7లో చేర్చిన ఉపసెక్షన్ (1బి). ఇంటర్నెట్‌లో ఉన్న దొంగ కాపీని అందకుండా చేయడానికి ప్రభుత్వం తగిన చర్య తీసుకోవచ్చంటుంది. దాని కింద 2023 నవంబరులో సమాచార ప్రసార శాఖ, సెన్సార్ బోర్డు కలిపి ఈ ఫిర్యాదులు చూడటానికి 12 మంది నోడల్ అధికారులను పెట్టాయి. ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో లింకు తీయించవచ్చు. పైరసీ వల్ల సినిమా రంగానికి ఏటా 20,000 కోట్ల దాకా నష్టమని ఆ ప్రకటనలోనే చెప్పారు. ఐటీ చట్టం 69ఏ కింద మూయించే కారణాల్లో దేశ భద్రత, శాంతిభద్రతల లాంటివే ఉన్నాయి, కాపీరైట్ లేదు. కాబట్టి ఈ కొత్త దారి వేశారు. కోర్టుకు వెళ్లే ఖర్చు లేకపోవడం చిన్న నిర్మాతకు నిజంగా మేలు. కానీ మూసేముందు ఆ లింకు పెట్టినవాణ్ని అడగాలని గానీ, తప్పుగా మూస్తే ఎన్ని రోజుల్లో తెరవాలని గానీ అందులో నాకు కనిపించలేదు. వైడెన్ పట్టుకున్న చోటు ఇదే.

ఇదంతా చదివి నేను సినిమా వాళ్ల బాధ తెలియనివాణ్ని అనుకోకండి. సినిమా హాలు పేరుతో లీలామహల్ సెంటర్ అని ఒక కూడలినే పిలుచుకునే ఊరు మనది. కొన్నేళ్ల కిందట పక్క ఊరి థియేటర్ యజమాని ఒకాయన వచ్చారు. పెద్ద సినిమా, శుక్రవారం మార్నింగ్ షోలో వెనక వరుసలో ఎవడో ఫోన్ జేబులోంచి సగం బయటపెట్టి తీశాడు. డిజిటల్ ప్రింటులో మన కంటికి కనిపించని వాటర్‌మార్కు ఉంటుంది, దాన్ని బట్టి ఏ థియేటర్, ఏ ఆట అనేది తెలిసిపోతుంది. పోలీసులు నేరుగా ఈయన దగ్గరికే వచ్చారు. తీసింది ఆయన కాదు, ఆయనకు తెలియదు కూడా. అయినా డిస్ట్రిబ్యూటర్ ఇకమీదట కొత్త సినిమా ఇవ్వనన్నాడు. శనివారం మ్యాట్నీకే హాలు ఖాళీ. ఆయన నా ముందు కూర్చుని, “పండక్కి ఈ ఒక్క సినిమా మీదే పెట్టుకున్నాను లాయరు గారూ, గేటు దగ్గర పిల్లోళ్లకు జీతాలెట్లా ఇయ్యాల” అన్నారు. ఆ మాట అంటూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టిన టికెట్ల కట్ట, చింపని పసుపు టికెట్లు, ఇంకా కళ్ల ముందుంది. 2025 నవంబరులో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు, పేదవాడికి సినిమా చూపించాడంటూ పొగిడినవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోలేకపోయాను. గేటు దగ్గర పిల్లలూ పేదవాళ్లే.

అయితే దొంగతనంతో తగిలే గాయానికీ, దొంగ కానివాణ్ని దొంగ అనడంతో తగిలే గాయానికీ మందు ఒకటి కాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు సగం సినిమా బయటికొచ్చింది. పెడనలో సీడీలు దొరికాయి, పోలీసులు తీగ లాగితే డొంక నిర్మాణానికి దగ్గరగా పనిచేసిన మనిషి దాకా కదిలింది. మామూలు పోలీసు దర్యాప్తుతో, ఉన్న చట్టంతోనే అయిన పని అది. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు ఎప్పటినుంచో ఉంది, ఎస్సై స్థాయి అధికారి వారంటు లేకుండా సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, ఆ నేరం నాన్‌బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన జిల్లా దాటి తిరుత్తణి వైపు అడుగుపెడితే తమిళనాడులో వీడియో పైరసీకి 2004 నుంచి గూండా చట్టమే వర్తిస్తుంది. శిక్షలకు కొరత ఎప్పుడూ లేదు.

రెండో గాయం ఎలా ఉంటుందో చెబుతాను. మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్లలో భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అలాంటి ఉత్సవంలో ముప్పై ఏళ్లుగా కథ చెప్పే భాగవతారు ఒకాయన, నారాయణవనం వైపు మనిషి, ఒక సోమవారం కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. కొడుకు యూట్యూబ్ ఛానెల్ పెట్టి నాన్న కథలన్నీ ఎక్కిస్తున్నాడు. ద్రౌపదీ కల్యాణం కథ మధ్యలో పెద్దాయన ఒక అన్నమయ్య కీర్తన అందుకున్నారు. సరిగ్గా అక్కడ, ఈ పాట మాదేనంటూ ఒక ఆడియో కంపెనీ పేరుతో ఆటోమేటిక్ క్లెయిము పడింది. ప్రకటనల డబ్బు ఆ కంపెనీకి పోతోంది. పెద్దాయన నాకు ఫోన్ చూపిస్తూ, “నన్ను దొంగ అంటా ఉంది సామీ ఈ ఫోను. ఇది మా గురువు నేర్పించిన పాట” అన్నారు. ఆయన చేతిలో చిరుతలు పట్టుకుని పట్టుకుని కాయలు కాసిన వేళ్లు.

ఇందులో చట్టం ఏమిటంటే, అన్నమయ్య 1503లో పరమపదించారు. రాగిరేకుల మీద ఉన్న సాహిత్యం ఎవరి సొత్తూ కాదు. మన దేశంలో కర్త చనిపోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్. అయితే చాలా కీర్తనలకు ఇప్పుడు మనం పాడే వరుసలు ఈ కాలపు పెద్దలు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో వెళ్లిపోయారు. అలాంటి వరుసల మీద, వాటి రికార్డింగుల మీద హక్కులుండవచ్చు. భాగవతారు పాడింది మాత్రం ఆ వరుస కాదు, గురుపరంపరగా వచ్చిన పల్లె బాణీ, రికార్డింగు సొంతం. రాగం ఛాయ, పదాలు కలిసేసరికి యంత్రం రెండూ ఒకటే అనుకుంది.

ఆ క్లెయిము తప్పని యూట్యూబ్‌లో డిస్ప్యూట్ పెట్టించాను. అవతలివాళ్లకు 30 రోజులు గడువు. పంతొమ్మిదో రోజున కంపెనీ తిరస్కరించింది, ఒక మనిషి విని తిరస్కరించినట్టు ఎక్కడా లేదు. అప్పీలు పెట్టవచ్చు, కానీ అందులో ప్రమాదం ఉంది. కంపెనీ మొండికేసి, వీడియో తీసేయమని టేక్‌డౌన్ నోటీసు ఇస్తే ఛానెల్‌కు స్ట్రైక్ అనే తప్పు గుర్తు పడుతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. కొడుకు భయపడి “వదిలేద్దాం నాయనా” అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఏ వరుస ఏ గురువుదో, మా రికార్డింగు ఎక్కడ ఎప్పుడు జరిగిందో రాసి అప్పీలు పెట్టాం. వాళ్లకు ఏడు రోజుల గడువు, ఏడో రోజు దాటింది, క్లెయిము తొలగిపోయింది. నిరాధారంగా కేసు బెదిరింపులు చేసేవాళ్ల మీద దావా వేసే హక్కు కాపీరైట్ చట్టం సెక్షన్ 60 ఇస్తుంది. కానీ హరికథకు వచ్చే సంభావనతో బతికే మనిషి సివిల్ దావా ఖర్చు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకే వైడెన్ లాంటివాళ్లు ముందే, బిల్లు దశలోనే మొండిగా నిలబడటం నాకు అంత విలువైన పనిగా కనిపిస్తుంది.

ఇక మీ మూడో ప్రశ్న. తిరుపతి ఎంపీ గానీ చిత్తూరు ఎంపీ గానీ ఎదురుపడితే “మీరు పైరసీకి వ్యతిరేకమా?” అని మాత్రం అడగకండి. ఎవరైనా అవుననే అంటారు, సంభాషణ అక్కడే అయిపోతుంది. 7(1బి) కింద లింకు మూసిన తర్వాత దాని యజమానికి కారణం రాతపూర్వకంగా చెబుతున్నారా అని అడగండి. కాపీరైట్ రూల్స్‌లో ఉన్న 21 రోజుల ఏర్పాటు లాంటిది ఇక్కడ ఎందుకు పెట్టలేదని అడగండి. ఇప్పటిదాకా ఎన్ని లింకులు మూశారు, అందులో ఎన్ని తిరిగి తెరిచారు అనే లెక్క సభలో అడిగించగలరా అని అడగండి. నక్షత్రం గుర్తులేని ప్రశ్నగా వేసినా మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, అది రికార్డులో ఉంటుంది. తప్పుడు ఫిర్యాదుతో మూయించినవాడికి ఏం జరిమానా అన్నది నాలుగో ప్రశ్న. నాకైతే అదే అన్నిటికంటే ముఖ్యం, సమయం చాలకపోతే ఆ ఒక్కటే అడగండి.

చర్చకు వెళ్లేటప్పుడు 2023 సవరణ చట్టం నుంచి 6ఏఏ, 6ఏబీ, 7(1బి) ఉన్న పేజీలు ప్రింటు తీసుకెళ్లండి, నాలుగైదు పేజీలే. వైడెన్‌కు వ్యతిరేకంగా మాట్లాడే జట్టు తప్పకుండా 20,000 కోట్ల లెక్క తెస్తుంది. దాన్ని కాదనకండి, థియేటర్ వాళ్ల నష్టం నిజమేనని మొదట మీరే ఒప్పుకుని, ఆ తర్వాత ‘దమ్ము’ కేసులో 2012 జూన్ 22 నాటి వివరణ చదవండి. మీకు ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే కింద రాయండి, సాయంత్రం కోర్టు నుంచి వచ్చాక చూస్తాను.